కందిపొట్టులో జాడీ

నా చిన్నప్పుడు తాండూరులోని మా ఇంట్లో రాయి లేని చోటంటూ లేదు. నేల నాపబండ, గోడలు నాపబండ, పైకప్పు మీద పరిచినవీ బండలే, గిన్నెలు పెట్టుకునే అరలూ బండలే. మా తాత బండల గని మీద మేస్త్రీ. ఏ బండ ఎక్కడ చీలుతుందో ఉలి ఆనించి చెప్పగలిగే మనిషి. గనిలో మంచి బండ ఏదైనా ఆయన కళ్ళబడితే అది మా ఇంటికి రావాల్సిందే. ఎండాకాలం ఆ ఇల్లు స్వర్గం. మధ్యాహ్నం అన్నం తిని నేల మీద బోర్లా పడుకుని చెంప బండకు ఆనిస్తే, లోపలెక్కడో నీళ్ళు మెల్లగా కదులుతున్నట్టు అనిపించేది. అలా వింటూ వింటూ నిద్రపోయేదాన్ని. చలికాలం సంగతి మాత్రం అడగొద్దు. పొద్దున లేచి కాలు కింద పెట్టాలంటే ఏడుపొచ్చేది. ఆ మాట తాత ముందు అనే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. మనుషుల్ని ఏమన్నా ఊరుకునేవాడు గానీ బండల్ని అంటే ఊరుకునేవాడు కాదు.

మా చిన్నమ్మ, అంటే మా నాయన తమ్ముడి భార్య, ఆ ఇంటికి కాపురానికి వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. ఆమెది వాడి అనే రైల్వే జంక్షను. రాష్ట్రాలను కొత్తగా విడదీసిన రోజులవి. సంబంధం మాట్లాడుకున్నప్పుడు వాళ్ళ ఊరూ మా ఊరూ ఒక్క గుల్బర్గా జిల్లాలోనే ఉండేవి. పెళ్ళి నాటికి మా ఊరిని ఇటు తెలుగు రాష్ట్రంలో కలిపేశారు. పట్టాలు అవే, రైలు అదే, మధ్యలో కనిపించని గీత ఒకటి పడిందంతే. మా అవ్వ, అంటే మా నాయనమ్మ, మాత్రం తన కోడలు వేరే రాజ్యం నుంచి వచ్చిందని వాడకట్టంతా గొప్పగా చెప్పుకుని తిరిగింది.

చిన్నమ్మ తన వెంట బట్టల పెట్టె, ఇత్తడి బిందె, ఒక జాడీ తెచ్చుకుంది. పెట్టెనూ బిందెనూ మా చిన్నాయన మోశాడు. జాడీని మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. రైల్లో ఒళ్ళో పెట్టుకుని, ఎడ్లబండిలో ఒళ్ళో పెట్టుకుని, కుడికాలు గడపలో పెట్టేటప్పుడు కూడా చంకలోనే ఉంచుకుని వచ్చింది. ఊరగాయ జాడీ అనుకున్నాం అందరం. అవ్వ ఆశగా మూత తీసి, అంతే వేగంగా మూసేసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అడుగున తెల్లటి మడ్డి, పైన తేలే అల్లం తురుము, సందుల్లోంచి పైకి వచ్చి పగిలే బుడగలు.

చిన్నమ్మ వాళ్ళ నాయన ఒకప్పుడు స్టేషన్‌లో దొరలు భోంచేసే చోట వంటమనిషి. రైలు మారడానికి దిగిన దొరలకు ఎండాకాలం అల్లం బీరు కావాలట. పేరుకు బీరే గానీ తాగి తూలేది కాదు. అల్లం, చక్కెర, నిమ్మకాయ కలిపిన నీళ్ళను పులియబెడితే గొంతులో చురుక్కుమనే సోడా తయారవుతుంది. పాలు పెరుగు కావాలంటే తోడు ఎలా కావాలో, ఆ నీళ్ళు పొంగాలంటే ఈ జాడీలోని తోడు అలా కావాలి. దాన్ని వాళ్ళమ్మ ఏళ్ళ తరబడి రోజూ ఇంత చక్కెర, ఇంత అల్లం వేసి బతికిస్తూ వచ్చింది. దొరలు వెళ్ళిపోయినా తోడు మిగిలింది. కూతురు అత్తారింటికి పోతుంటే అందులో సగం తీసి ఇచ్చింది.

“మన ఇంట్ల బీరేందే, జూస్తే నలుగురు ఏమనుకుంటరు?” అని అవ్వ పరేషాన్ అయింది. చిన్నమ్మ మొదటిసారి చేసినప్పుడు తాత గ్లాసెడు తాగి, మీసం తుడుచుకుని, ఇంకో గ్లాసు అడిగాడు. ఆ సాయంత్రమే నడిమి అర్రలో, అంటే మధ్య గదిలో, ఎండ పొడ తగలని మూలన, గనిలోంచి తెచ్చిన నున్నటి నీలం బండను గోడలోకి దించి జాడీకి గద్దె కట్టాడు. కోడలికి ఆయన చేసిన మర్యాద అది. నోటితో చెప్పలేనిదంతా రాతితో చెప్పే అలవాటు ఆయనది.

ఆ ఎండాకాలమంతా చిన్నమ్మా నేనూ ఆ జాడీ చుట్టూ తిరిగాం. పొద్దున్నే ఆమె అల్లం కడిగీ కడగనట్టు కడిగి, తొక్క తీయకుండా తురిమేది. తోలు మీదే ప్రాణం ఉంటుందని వాళ్ళమ్మ చెప్పిందట. ఒక చెంచా అల్లం ఆమె వేస్తే ఒక చెంచా చక్కెర నేను వేసేదాన్ని. తర్వాత నా చెవిని జాడీకి ఆనించి పట్టుకునేది. సన్నటి వాన చాలా దూరంలో ఆకుల మీద పడుతున్నట్టు వినిపించేది లోపల. ఈస్టు అనే మాట మా ఇద్దరికీ తెలియదు. లోపలెవరో ఉన్నారని మాత్రం తెలుసు. వాళ్ళతో చిన్నమ్మ కన్నడంలో మాట్లాడేది, నాతో సగం కన్నడం సగం తెలుగు మాట్లాడేది. మిగతావాళ్ళతో అసలు మాట్లాడేది కాదు. అన్నం పెట్టుకో అంటే “బ్యాడ” అనేది. పక్కింటికి పోయి కూర్చుందాం రా అంటే “బ్యాడ” అనేది. బ్యాడ అంటే వద్దు. కొన్నాళ్ళకు మా ఇంట్లో కన్నడం రానివాళ్ళకు కూడా ఆ ఒక్క మాట బాగా వచ్చేసింది.

వానాకాలంలో వాళ్ళమ్మ పోయింది. చిన్నమ్మ వెళ్ళి కర్మలన్నీ అయ్యాక తిరిగి వచ్చింది. అక్కడి సగం తోడును ఆ దుఃఖంలో ఎవరూ పట్టించుకోక బూజు పట్టిందనీ, పారబోశారనీ నాకొక్కదానికే చెప్పింది. ఇక మిగిలింది మా ఇంటి గోడలో ఉన్న జాడీ ఒక్కటే.

ఆ తర్వాత ఇంట్లో అందరూ ఆమెను చూసి మెల్లగా నడవడం, మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టారు. మంచి మనసుతోనే చేశారు. ఏడవనీయండి, ఒంటిగా ఉండనీయండి అనుకున్నారు. పని చెప్పలేదు. నడిమి అర్ర ఆమెకే వదిలేశారు. పూటపూటకూ కంచం నిండా పెట్టి, తిను బిడ్డా తిను అని బతిమాలి, గడపలోనే ఆగి వెనక్కి వచ్చేవారు. చిన్నాయన బండలు ఎక్కించే వ్యాగన్ల వెంట తిరిగే మనిషి, ఏ వారానికో ఇంటికి వచ్చేవాడు. వచ్చినా భార్య ముందు కూర్చుని గోళ్ళు చూసుకునేవాడు పాపం. చిన్నమ్మ ఆ రాతి అర్రలో రోజురోజుకూ సన్నబడింది.

చలి మొదలయ్యాక జాడీలో బుడగలు తగ్గాయి. ఒకనాడు నేను చెవి పెట్టి వింటే ఏమీ వినపడలేదు. నా చెవిలో ఏదో అడ్డం పడిందనుకుని రెండో చెవి పెట్టాను. చిన్నమ్మ నన్ను పక్కకు జరిపి తాను వింది. మర్నాడు అల్లం వేస్తే తేలకుండా నేరుగా మునిగిపోయింది. ఆమె ఇంకాస్త చక్కెర వేసింది, ఇంకాస్త అల్లం వేసింది, వేలితో తిప్పింది, నిమ్మకాయ పిండింది. ఎన్ని చేసినా జాడీ ఉలకలేదు, పలకలేదు.

“మా అమ్మ పోయింది. గిదీ పోయింది. ఇగ నాకు ఈడ ఏమున్నదే?” అంది చిన్నమ్మ ఒక పొద్దున, ఏడవకుండానే. అప్పటికే వాళ్ళన్నకు కబురు వెళ్ళింది. కందులు కళ్ళానికి చేరాక వచ్చి తీసుకుపోతానని ఆయన చెప్పి పంపాడు. ఆ పోవడం ఊరికే పుట్టింటికి పోవడం కాదని, పోతే ఇక రాదని పెద్దవాళ్ళు గుసగుసలాడుకోవడం నేను విన్నాను. చిన్నమ్మ లేని ఆ ఇంట్లో నాతో కూర్చుని జాడీలో వాన చప్పుడు వినేవాళ్ళు ఎవరుంటారు?

కొన్నాళ్ళకు ఆమె జాడీని గోడలోంచి దించి నా చేతిలో పెట్టింది. పెరట్లో పారబోసి కడుక్కుని రమ్మంది. తాను పారబొయ్యలేక నాకు ఇచ్చిందని ఇప్పుడు తెలుస్తోంది. నేను దాన్ని పొట్టకు అదుముకుని, కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే బయటికి వచ్చాను. బయట తాత గొంగడి కప్పుకుని లేత ఎండలో కూర్చుని ఉన్నాడు. కాళ్ళు నేలకు తగలకుండా చెక్క పీట మీద పెట్టుకున్నాడు.

ఎక్కడికే అన్నాడు. చెప్పాను. జాడీ తెమ్మన్నాడు. మూత తీసి వాసన చూశాడు, వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. చాలాసేపు చప్పరించాడు.

“తియ్యగనే ఉన్నది గదనే. సచ్చిపోతే కంపు కొట్టాలె, లేకుంటే బూజు పట్టాలె. గిది సావలే. ఏసింది తింటలేదు, గంతే.”

తర్వాత నా అరచెయ్యి పట్టుకుని జాడీ అడుగున ఆనించాడు. జిల్లుమంది. అదే చేతిని పక్కనున్న నేల బండకు ఆనించాడు. అక్కడా అదే జిల్లు. ఆయన తన కాళ్ళ వంక చూసుకున్నాడు, కాళ్ళ కింది పీట వంక చూశాడు. ఇంట్లోకి, నడిమి అర్ర వైపు చూశాడు. బండల్ని ఒక్క మాట పడనివ్వని మా తాత చివరికి చాలా చిన్న గొంతుతో అన్నాడు.

“తప్పు నా బండది బిడ్డా. ఎండకాలం సల్లగుంటదని పెట్టిన. సలికాలం తియ్యాలె గద, తియ్యలే.”

చిన్నమ్మకు చెప్పొద్దన్నాడు, జాడీ అడిగితే కడిగి దాచానని చెప్పమన్నాడు. ఆశ పెట్టి మళ్ళీ కాదంటే ఆ పిల్ల తట్టుకోలేదన్నాడు. ఇద్దరం వంటింటి వెనక నుంచి వెళ్ళాం. పప్పు విసిరాక మిగిలిన కందిపొట్టు అక్కడ ఎండబోసి ఉంది. ఆ ఎండకు పొట్టు గోరువెచ్చగా ఉంది, చెయ్యి పెడితే తీయబుద్ధి కాలేదు. తాత ఒక గంప నిండా పొట్టు పోసి, మధ్యలో గుంట చేసి, సీతాఫలాలు మాగేసినట్టు జాడీని మెడదాకా అందులో పూడ్చాడు. పైన గొంగడి ముక్క కప్పాడు. పగలు ఆ గంప పొయ్యి వెనక గోడ దగ్గర ఉండేది. రాత్రయితే తాత మంచం మీదికి చేరేది.

అవ్వ ఊరుకుంటుందా? ఈ వయసుల పసిపిల్లను సాకుతున్నవా, జోల గూడ పాడు మరి అని రోజూ ఎత్తిపొడిచేది. తాత మీసాల్లో నవ్వుకునేవాడు. ఒక రోజు నేను గుప్పెడు చక్కెర తెచ్చి జాడీలో పొయ్యబోతే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపాడు.

“ఆకలైతలేనోళ్ళకు కుక్కి కుక్కి పెడ్తె ఎట్ల తింటరే? ముందుగాల ఒళ్ళు ఎచ్చబడనీ. ఆకలి దానంతటదే అయితది.”

అవ్వ పొయ్యి ముందు కూర్చుని పప్పు ఎనుపుతోంది. ఆ మాట విని చేతిలో గరిటె అలాగే ఆపేసింది. ఆమె కూడా నడిమి అర్ర వైపే చూసింది. అక్కడ గడపలో పొద్దున పెట్టిన కంచం పెట్టినట్టే ఉంది. ఆ రోజు అవ్వ మళ్ళీ తాతను ఎత్తిపొడవలేదు.

మర్నాడు మా అవ్వకు నడుము పట్టుకుంది. అలాంటి నడుము నొప్పిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. కందులు విసరడానికి వాడకట్టు ఆడవాళ్ళు వచ్చే వేళకు మొదలైంది, వాళ్ళు వెళ్ళగానే తగ్గింది. అర్ర గడపలో నిలబడి నడుము మీద చెయ్యి పెట్టుకుని, జర వచ్చి ఇసుర్రాయి తిప్పు బిడ్డా, నాకు ఒంగొస్తలేదు అని మూలిగింది. తిను అనలేదు, ఏడవకు అనలేదు. చిన్నమ్మ కొంగు నడుముకు చుట్టుకుని లేచి వచ్చింది. ఇంట్లో ఆమెకు ఎవరైనా పని చెప్పడం వాళ్ళమ్మ పోయాక అదే మొదలు.

పొయ్యి పక్కన వంటింట్లో ఇసుర్రాయి ముందు కూర్చుంది. ఎదురుగా మేం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే పక్కింటామె కూర్చుని రెండో పిడి పట్టుకుంది. ఖాలా నోరు మూతపడడం నేనెప్పుడూ చూడలేదు. ఉర్దూ, తెలుగు కలిపి కొట్టి తన అత్త గురించి, తన మేక గురించి ఒకే కోపంతో చెప్పుకుంటూ పోయేది. మొదటి రోజు చిన్నమ్మ తల వంచుకునే ఉంది. తర్వాత ఎప్పుడో, మేక వచ్చి అత్త పాన్‌దాన్‌లో తమలపాకులన్నీ నమిలిందన్న చోట ఆమె పెదవి కొస కదిలింది. కంది దుమ్ము లేస్తూ ఉంటే, పొయ్యి మంట దాని మీద పడి ఇల్లంతా పసుపు పచ్చగా కనిపించేది. నేను ఆ గంపకు వీపు ఆనించి కూర్చుని, రాయి తిరిగే చప్పుడుకు జోగుతూ ఉండేదాన్ని. కొన్ని రోజుల తర్వాత చిన్నమ్మ తనంతట తానే సంగటి ముద్ద పెట్టుకుని తినడం చూశాను. ఎవరూ చూడనట్టే ఉన్నారు. అవ్వ అయితే ఏకంగా గోడ వైపు తిరిగింది.

ఆ గంపలో ఏముందో చిన్నమ్మకు తెలియదు. పొట్టు గంప అనుకుంది. ఒక మధ్యాహ్నం కందులు అయిపోయి ఇసుర్రాయి ఆగింది. ఖాలా కూడా ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగింది. ఆ నిశ్శబ్దంలో నా వీపు వెనక, దూరంగా ఆకుల మీద వాన పడుతోంది.

చిన్నమ్మ తల ఎత్తింది. ఎసరు మరుగుతోందా అని పొయ్యి వైపు చూసింది, పొయ్యి మీద ఏమీ లేదు. నా వైపు చూసింది. నేను నోరు రెండు చేతులతో మూసుకున్నాను. ఆమె మోకాళ్ళ మీద పాకుతూ వచ్చి, నన్ను పక్కకు జరిపి, గొంగడి ముక్క లాగి, రెండు చేతులతో పొట్టు తోడింది. జాడీ మూతను తోసుకుని తెల్లటి నురుగు బయటికి వచ్చి పొట్టులోకి కారుతోంది. ఆమె జాడీకి చెవి ఆనించి కళ్ళు మూసుకుంది. చెంప నిండా కందిపొట్టు అంటుకుని ఉంది, దాని మీదుగా నీళ్ళు కారుతున్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది. నాకు కూడా ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఖాలాకు సంగతేమిటో అర్థం కాకపోయినా ఆమె కూడా కళ్ళు తుడుచుకుంది. బయట తాత పెద్దగా గురక తీశాడు. ఆయన పగలు నిద్రపోయే మనిషి కాదు.

వాళ్ళన్న వచ్చే నాటికి సీసాలు సిద్ధమయ్యాయి. తోడు నీళ్ళు వడగట్టి, చక్కెర నీళ్ళూ నిమ్మరసమూ కలిపి, సీసాల్లో నింపి బిరడాలకు దారం బిగించి కట్టింది చిన్నమ్మ. ఈసారి బండ మీద కాదు, పొట్టులోనే పడుకోబెట్టింది. వచ్చినాయన ముందు మొదటి సీసా దారం విప్పగానే బిరడా ఎగిరి పైకప్పు బండకు టప్పున తగిలి అవ్వ ఒళ్ళో పడింది. అవ్వ అమ్మో అని అరిచింది. చిన్నమ్మ పగలబడి నవ్వింది. ఆ రాతి ఇంట్లో ఆ నవ్వు గోడ గోడకూ తగిలి తిరిగి వచ్చింది. వాళ్ళన్న మాత్రం నవ్వలేదు. ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, తల వంచుకున్నాడు. వాళ్ళమ్మ చేతి రుచి అది.

అయినా ప్రయాణం ఆగలేదు. మర్నాడు పొద్దున వాకిట్లో బండి కట్టారు. పెట్టె ఎక్కింది, బిందె ఎక్కింది. చిన్నాయన ఎడ్ల మెడ పట్టెడలు ఉన్నవే మళ్ళీ మళ్ళీ సరిచేస్తున్నాడు. నేను స్తంభం వెనక నిలబడి గంప వంకే చూస్తున్నాను. వాళ్ళన్న వంటింట్లోకి వచ్చి, ఇదొక్కటే మిగిలింది కదా అనుకుంటూ వంగి గంప ఎత్తబోయాడు.

“బ్యాడన్నా,” అంది చిన్నమ్మ. “అది ఈడనే ఉంటది.”

ఆ ఒక్క మాట వినడానికి ఆ ఇల్లంతా చెవులు పెట్టుకుని ఉంది. చిన్నమ్మ నా దగ్గరికి వచ్చి, రోజూ చెంచాడే, కుక్కొద్దు అని చెప్పింది. అప్పటిదాకా తల ఎత్తి కూడా చూడని మామగారి ముందు ఆగి, కొంగు తల మీదికి లాక్కుని, సలి ఎక్కువైతే గొంగడి కప్పుండ్రి మామా అంది. తాత తల ఊపాడు. గొంగడి అంచుతో పక్కనున్న బండను తుడిచాడు. బండి కదిలాక చూస్తే నడిమి అర్ర గోడలోని నీలం గద్దె ఖాళీగా లేదు, దాని మీద కొత్త పొట్టు గంప ఒకటి పెట్టి ఉంది. తెల్లవారకముందే లేచి ఆయనే పెట్టుకున్నట్టున్నాడు.

చిన్నమ్మ తిరిగి వచ్చింది. ఎండలు ముదరకముందే వచ్చేసింది. ఆ ఇంట్లోనే పిల్లల్ని కంది, ముసలిదయింది, ఖాలాతో సమానంగా మాట్లాడడం కూడా నేర్చింది. నన్ను వికారాబాదులో ఇచ్చి పెళ్ళి చేసినప్పుడు సగం తోడు నా ఒళ్ళో పెట్టింది. నేను కూడా రైల్లో ఎవరినీ ముట్టనివ్వకుండా తెచ్చుకున్నాను. ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. చలికాలం వస్తే పొట్టు దొరక్క పాత స్వెటరు కప్పుతున్నాను, పిల్లలు నవ్వుతారు.

మొన్న మా మనవడి భార్య కొత్తగా ఇంటికి వచ్చింది. బెరుకు పిల్ల. అందరూ చుట్టూ చేరి ఇది తిను, అది తిను అని పళ్ళేలు నింపుతున్నారు, ఆ పిల్ల వద్దు వద్దంటోంది. నేను కర్ర ఆనించుకుంటూ పోయి, ఆమె పక్కన మెల్లగా వంగి, నేల మీద అరచెయ్యి పెట్టి చూశాను. జిల్లుమంది. ఏం వెతుకుతున్నారు నాయనమ్మా అని అడిగింది. నడుము పట్టింది తల్లీ, వంటింట్లోకి వచ్చి కాస్త అల్లం తురిమిపెడతావా అన్నాను.